రెక్క కొసన కూర్చున్నవాడు

అయినా ఆయన ఎందుకు ఆపాడు, అదే కదా అర్థం కానిది, నేను కూర్చున్నాననుకో, నేను కూర్చుంటే ఆగాలని మా తిరుత్తణి మగ్గాల వీధిలో అందరికీ తెలుసు గానీ మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో బోయింగ్ నడిపే పైలట్‌కు ఎవరు చెప్పారు, విమానం ముందు నిలబడ్డ మనిషి రెండు చేతుల్లో సైగల బ్యాట్లు పట్టుకుని రా రా అని పిలుస్తూనే ఉన్నాడు, ఆ పిలుపు చూసి వచ్చెయ్యొచ్చు కదా, రాలేదు, అంత పెద్ద విమానమూ టక్కున ఆగిపోయింది, తాడు జారతా ఉంది పట్టుకోరా కేశవా అంటున్నాడు పచ్చయ్యప్ప మామ, పట్టుకున్నాను మామా, తెల్లారగానే వీధి పొడుగునా పడుగు పోగులు సాగదీసి గంజి పెడుతున్నాం, ఈ కొస తాడు మామ చేతిలో, వెనక నేను సాయం, ఆ కొసన నా భార్య దేవకి కుంచె పట్టుకుని, నడుమ వళ్ళియమ్మత్త పోగుల మీద చెయ్యి ఆనించి నడుస్తూ, ఇది కాగానే నేను రైలెక్కాలి, ఈరోజు ఆఫీసులో విచారణ, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో మధ్యాహ్నానికి తేలిపోతుంది.

నా పని రెక్క కొస కాయడం, వినడానికి నవ్వొస్తుంది, దేవకి కూడా మొదట నవ్వింది, రెక్కను ఎవురైనా ఎత్తుకపోతారా అని, కాదే పిచ్చిదానా, పైన కూర్చున్న పైలట్‌కు తన విమానం రెక్క కొస తనకే కనబడదు, మలుపు తిరిగేటప్పుడు ఆ కొస మనం అనుకున్నదానికన్నా బయటికి ఊగుతుంది, ఏ నిచ్చెన బండికో పెట్టెల బండికో తగిలిందా రేకు చిరిగిపోతుంది, రెక్క లోపలంతా ఇంధనమే అని చెబితే నవ్వు ఆపేసింది, మరి కనబడని దాన్ని అంత ధైర్యంగా ఎట్లా తోల్తారు అని అడిగింది, మంచి ప్రశ్న, నాకూ ఆ వింత ఇప్పటికీ తీరలేదు, కొసకు కాస్త ముందుగా, పైలట్ కంటికి ఆనేలా నడవాలని మాకు నేర్పారు, సరే, నడుస్తున్నాం, కానీ అంత ఎత్తున, ఆ అద్దం వెనక, నల్లకళ్లద్దాల దొర చెమటకు తడిసిన కాకీ చొక్కా టెంపరరీ మనిషిని చూస్తాడా, ఎండకు అద్దం మెరుస్తుందే తప్ప మొహం ఏనాడూ కనిపించలేదు, చూడడనే అనుకున్నాను.

మొన్న మధ్యాహ్నం నిచ్చెన బండిని ఎవరో గీత దాటించి పెట్టిపోయారు, విమానం తిరుగుతోంది, కొస ఊగుతూ దానివైపే వస్తోంది, ఆపాలంటే నా చేతిలోని రెండు బ్యాట్లూ తలమీద అడ్డంగా పెట్టాలి, తెలుసు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను, కానీ మోకాళ్లు వాటంతటవే వంగాయి, పోగు తెగితే తెగిన చోటే కూర్చోవాలి, మా వీధిలో పుట్టినవాడి ఒంట్లో ఇంకిపోయిన సంగతి, మగ్గాల చప్పుడులో కేక వినబడదు, నడిచే మనిషి కూర్చుంటే తాడు పట్టినవాడు లాగడం ఆపుతాడు, అంతే, కాలుతున్న సిమెంటు మీద చతికిలబడ్డాను, కళ్లు గట్టిగా మూసుకుని తెరిచేసరికి రెక్క కొస నిచ్చెన కమ్మీకి జానెడు దూరంలో ఆగి ఉంది, సూపర్వైజర్ దండపాణి పరుగెత్తుకొచ్చి, ఏమయ్యా, సిగ్నల్ ఇయ్యమంటే పూజకు కూర్చున్నట్టు కూర్చున్నావే, పైలట్ పుణ్యాన బతికినాం, నీలాంటోన్ని యాడ పెట్టుకునేది అన్నాడు, సిగ్గుతో చచ్చిపోయాను, అవతలి రెక్క కాసే గోపాలన్ మణవాళనగర్ వాడు, తిరువళ్ళూరు దాకా రైల్లో నాతోనే వస్తాడు, పట్టాభిరామ్ స్టేషన్ దాటాక తొడమీద తట్టి, అన్నా, ఎండకు కండ్లు తిరిగినాయని చెప్పేయ్, పాపమని వదిలేస్తారు, బ్యాట్ల గుర్తు మరిచిపోయినానని మాత్రం ఒప్పుకోవద్దు అన్నాడు, సరేలే అన్నాను, అబద్ధం అంత పెద్దదేం కాదు, ఎండ నిజంగానే ఉంది.

అదుగో, వళ్ళియమ్మత్త కూర్చుంది, పోగు తెగినట్టుంది, తాడు అప్పుడే వదులైంది, నేను వదల్లేదు, మామ వదిలాడు, మామ! రెండు కళ్లకూ పొరలు, మేకను చూసి కుక్క అనుకుని తరిమే మామ, అంత దూరాన అత్త కూర్చోవడం ఎట్లా చూశాడు, మామా, అత్త కూర్చున్నది నీకు కనబడిందా, ఏం కనబడతాదిరా, ఈ కండ్లకు కూర్చునిందా వంగిందా తెలుస్తాదా, మరి ఎట్లా ఆపినావు, దాని ఎర్రకోక నిలువుగా పోతా ఉంటాది కదా, ఆ ఎరుపు లేదు, అది కనబడలేదంటే ఆపాలిరా, ఏమైందో తర్వాత అడగొచ్చు, అంటే ఎప్పుడూ అత్తనే చూస్తా ఉంటావా, తాడు చేతిలో పెట్టుకుని ఇంకెవుర్ని చూసేది, పెండ్లైనప్పటినుంచీ అదే కదరా నా పని అని మామ పళ్లులేని నోటితో నవ్వాడు, ఏందా ఇకఇకలు, కదలొద్దండి, ముడేస్తా ఉండా అని అక్కడినుంచి అత్త అరిచింది.

కదల్లేదు, ఎట్లా కదులుతాను, ఆ ఎరుపు లేదు కాబట్టి మామ ఆగాడు, అంటే, అంటే ఆ పైలట్‌కు మా వీధి గుర్తు తెలియనక్కర్లేదు, నేను కూర్చోవడం ఆయన చూడలేదు, రెక్క పక్కన ఉండాల్సిన కాకీ చొక్కా లేకపోవడం చూశాడు, ముందు మనిషి రా రా అంటున్నా వినకుండా, నేను లేనని ఆగాడు, అదృష్టమూ కాదు పుణ్యమూ కాదు, అయ్యో, నన్నెవరు చూస్తారులే అనుకుని నేను ఉసూరుమంటూ నడిచిన రోజులన్నిటా, ఆ మెరిసే అద్దం వెనక ఎవరో ఒకరు నన్ను చూసుకుంటూనే విమానాన్ని కదిపారు, దేవకీ, నా కాకీ చొక్కా తియ్యవే, రైలుకు టైమవతా ఉంది, ఉద్యోగం పోతే పోనీ, మగ్గం ఉంది, కళ్లు తిరిగాయని మాత్రం చెప్పను, పడిపోవడం వేరు, ఆపడానికి కూర్చోవడం వేరు, గుర్తు మరిచింది నిజం, కూర్చున్నదీ నిజం, అయ్యా ఆ పైలట్‌ను ఒక్క మాట అడగండి అంటాను, ఆయనకు తెలుసు, చూస్తూ ఉన్నవాడికే కదా మనిషి లేడని తెలిసేది.