జానెడు చోటు

ఉచ్చెంగెప్ప మోకాళ్ళ మీద వంగి, సెంట్రింగ్ పలకల మీద పరిచిన కమ్మీల మధ్య చెయ్యి దూర్చి తడిమాడు. పిల్లర్ కమ్మీలు స్లాబును దాటి పైకి పోయే చోట, వాటిని చుట్టి పట్టే ఇనుప రింగు వేళ్ళకు తగల్లేదు. రెండో పిల్లర్ దగ్గరా అంతే. నిన్న జ్వరమొచ్చి అతను రాలేదు. మిగతావాళ్ళు కట్టేసి పోయారు.

"మారెన్నా, నీళ్ళు పోయనీయొద్దు!" కిందికి కేకేశాడు.

కౌల్ బజార్ సందులో శివరామకృష్ణయ్య శెట్టి కట్టిస్తున్న గోదాము అది. కింద ఇనుప రేకు మీద సిమెంటు, ఇసుక, కంకర పొడిగా కలిపి ఉన్నాయి. ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని నిలబడ్డారు. మేస్త్రీ మారెన్న నిచ్చెనెక్కి వచ్చాడు.

"ఏందప్పా నీ గోల? ఈడ రింగులెందుకు? చుట్టూ కాంక్రీటే కదా ఉండేది."

"పైనుంచి పిల్లర్ తొక్కుతాది, పక్కల్నుంచి స్లాబు గుంజుతాది. నలిగేది ఈ జానెడు చోటే. రింగుల్లేకుండా పోస్తే నేనుండను."

ముప్పై ఏళ్ళుగా కమ్మీలు వంచిన ఆ వేళ్ళు ఇప్పుడు నిటారుగా చాచుకోవు. తుంగభద్ర ఆనకట్ట పనిలో ఎడమ బొటనవేలి గోరు పోయింది. కట్టిన ఇళ్ళలో ఒక్కదాని గడపా అతను మళ్ళీ తొక్కలేదు. కానీ బళ్ళారిలో ఏ వీధిన నడిచినా, ఏ గోడ వెనక తన ముడులున్నాయో చెప్పగలడు.

కేకలు విని శెట్టి వచ్చాడు.

"అయ్యా, మీ హమాలీలు మూటెత్తే ముందు నడుముకు గుడ్డ బిగించేదెందుకు?" అని అడిగాడు ఉచ్చెంగెప్ప.

"నడుము పట్టు తప్పకుండా."

"పిల్లర్‌కూ అంతే. బరువు పడితే పక్కలకు ఉబ్బుతాది. రింగు పట్టుకుంటాది."

శెట్టి తలెత్తి పొద్దు చూశాడు. "కట్టు. పొద్దుగూకేలోపల పోత అయిపోవల్ల."

"అయితాది."

ఒక్కో రింగును విప్పి, అడ్డొచ్చే కమ్మీల సందున దూర్చి, మళ్ళీ మూసి తీగ బిగించాడు. మారెన్న పక్కన కూర్చుని రింగులు అందించాడు. ఆరో పిల్లర్ అయ్యాక ఒక రింగును పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు.

"కదల్లేదప్పా," అన్నాడు.

పోత మొదలైంది. ప్రతి పిల్లర్ దగ్గరా ఉచ్చెంగెప్ప తానే నిలబడి, రింగుల మధ్యకు కాంక్రీటు దిగేదాకా కమ్మీతో పొడిచాడు. పొద్దుగూకే ముందే చివరి తట్ట పడింది. కిందికి దిగి ఇసుక కుప్పకు ఆనుకున్నాడు.

"ఈ గోదాము మనకన్నా శానా ఏండ్లు బతుకుతాది, మారెన్నా," అని కళ్ళు మూసుకున్నాడు.

మారెన్న చేతులు కడుక్కుని వచ్చి, పోదాం రమ్మని భుజం తట్టాడు. ఉచ్చెంగెప్ప పక్కకు ఒరిగాడు. ఇక లేవలేదు.

శెట్టి బండిలోనే ఇంటికి చేర్చారు. గోదాము కింద, వెదురు బొంగుకు అతని జొన్నరొట్టెల మూట వేలాడుతోంది. పెళ్ళాం కరియమ్మ పొద్దున వేసిన ముడి అట్లాగే బిగుతుగా ఉంది.