వీణ రికార్డులో కనకలక్ష్మి

అంకమ్మరావుకి రికార్డుల పిచ్చి పెళ్లికి ముందునుంచే ఉంది. విజయవాడలో చీరల కొట్టు పెట్టిన కొత్తల్లో, పెడన వెళ్లి మగ్గాల సరుకు తెచ్చినప్పుడల్లా ఒక ఎల్పీ కూడా చంకన పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. కూతురు సింధూరి పెళ్లై బెంగుళూరు వెళ్లాక ఆమె చదువుకోసం కొన్న కంప్యూటర్ ఊరికే పడి ఉంది. "నాన్నా, నీ రికార్డులన్నీ సీడీల్లోకి ఎక్కించుకోరాదూ" అని ఆ పిల్లే దారి చూపించింది.

మొదటిసారి, ఏ వైరు ఎక్కడ పెట్టాలో తెలియక, స్పీకర్ ముందు చిన్న మైకు నిలబెట్టి ఒక వీణ రికార్డు పెట్టాడు. రికార్డు ఎంతసేపు మోగితే అంతసేపూ పక్కన కూర్చోవాల్సిందే, తొందరపెడితే అయ్యే పని కాదు. మైకేమో వీణ ఒక్కటే వింటుందా? కుక్కర్ కూత, వీధిలో ఉప్పు బండివాడి కేక, వాటి మధ్య భార్య కనకలక్ష్మి మాటలు, అన్నీ సీడీలోకి ఎక్కి కూర్చున్నాయి. "అంతా పాడైపోయింది" అని విసుక్కుని దాన్ని అవతల పెట్టేశాడు. తర్వాత రేడియోలు బాగుచేసేవాడొకడు, మధ్యలో చిన్న యాంప్లిఫయర్ పెట్టి, వైరుని సీపీయూ వెనక నీలం రంగు రంధ్రంలో గుచ్చమని చెప్పాడు. అప్పటినుంచీ పాటలు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. మైకుతో చేసినదాన్ని కంప్యూటర్‌లోంచి తుడిచేసి, అదే వీణని మళ్లీ ఎక్కించుకున్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకి కనకలక్ష్మి గుండెజబ్బుతో పోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అంకమ్మరావు ఆ వీణ సీడీ పెట్టుకుని కుర్చీలో వాలాడు. ఒక రాగం అయిపోయి ఇంకో రాగం మొదలయ్యే చోట ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. సరిగ్గా అక్కడే ఆమె ఏదో అన్నది, మైకుతో ఎక్కించిన ఆ మొదటిసారి. ఏమన్నదో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. ఆమె "ఏమండీ" అని పిలుస్తూ చివర కాస్త సాగదీసేది. సాగదీసేదని తెలుసు. ఎంత సాగదీసేదో తెలియడం లేదు. చెవిలో ఆ పిలుపు పలకడం లేదు.

తమ పెళ్లి వీడియో ఉంది గాని అందులో బ్యాండు మేళం తప్ప మనిషి మాట లేదు. సింధూరి పెళ్లి వీడియోలో ఆమె అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, పెదాలు కదులుతాయి, పైన సన్నాయి. బీరువాలో, మంచం కింద, అట్టపెట్టెల్లో సీడీలన్నీ తిరగేశాడు. పాడైందన్న ఆ ఒక్కటీ లేదు. చివరికి సింధూరికి ఫోన్ చేశాడు.

"అది అమ్మ మావయ్యకి ఇచ్చేసింది కదా నాన్నా. వ్యానులో పెట్టుకుని వినరా అని."

మర్నాడు పొద్దున్నే కొట్టు కూడా తెరవకుండా అంకమ్మరావు పామర్రు బస్సెక్కాడు. కంకిపాడు, ఉయ్యూరు, పక్కన బందరు కాలవ. ఏదీ అతని కళ్లకి ఆనలేదు. ఆ సీడీ ఉందో, ఎప్పుడో పారేశాడో!

బావమరిది జ్ఞానేశ్వర్‌కి పామర్రులో బట్టల కొట్టుంది. సంతలకి సరుకు తీసుకెళ్లే పాత వ్యానొకటి కొట్టు ముందే ఉంటుంది. "రండి బావగారూ, ఫోనైనా చెయ్యలేదే!" అంటూ కుర్చీ వేశాడు. మంచినీళ్లు తాగి, సంగతి చెప్పాడు అంకమ్మరావు. జ్ఞానేశ్వర్ ముఖంలో నవ్వు పోయింది. చీరల మడతలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఉందండీ" అన్నాడు చివరికి. "వ్యానులోనే ఉంది."

"అమ్మయ్య! ఇలా ఇవ్వు నాయనా. కాపీ చేసుకుని పంపిస్తాను."

"అది మాత్రం అడగద్దు బావగారూ." "పొద్దున్నే బండెక్కి తాళం తిప్పితే, మొదటి రాగం అయ్యేసరికి అక్క పలకరిస్తుంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. బస్సులో పంపితే దారిలో ఏమన్నా అయితే?"

అంకమ్మరావుకి చర్రున కోపం వచ్చింది. నా రికార్డు, నా ఇల్లు, నా భార్య. నోటిదాకా వచ్చిన మాట, ఎదుటివాడి కళ్లు చూసి ఆగిపోయింది. అచ్చం కనకలక్ష్మి కళ్లే. తమ్ముణ్ని చంకనేసుకుని పెంచిందామె.

"పోనీ, నువ్వూ రా. బండిలోనే తీసుకురా" అన్నాడు.

కొట్టు పనివాడికి అప్పజెప్పి ఇద్దరూ వ్యానెక్కారు. జ్ఞానేశ్వర్ తాళం తిప్పాడు. వీణ మొదలైంది, దూరంగా, గదిలో గాలి తగులుతున్నట్టు. కుక్కర్ కూసింది. బండి ఊరు దాటేసరికి రాగం ఆగింది.

"ఏమండీ..."

అంకమ్మరావు డాష్‌బోర్డు పట్టుకున్నాడు. అంతా! అంత సాగదీసేదా!

"పెరుగు తోడేశానా నేను? చూశారా మీరు?"

"ష్... రికార్డవుతోంది." అది తన గొంతే.

ఆమె కిసుక్కున నవ్వింది. జ్ఞానేశ్వర్ చెయ్యి గబుక్కున బటన్ మీదకి వెళ్లింది. "ఇక్కడ ఆపేస్తానండీ నేను రోజూ. తర్వాత మాట వినలేను."

"ఉంచు" అన్నాడు అంకమ్మరావు.

"సరే సరే" అన్నది కనకలక్ష్మి నవ్వుతూనే. "నేనింట్లో లేననుకోండి."

జ్ఞానేశ్వర్ బండి కాలవ గట్టు పక్కన ఆపేసి స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. అంకమ్మరావు అతని వీపు మీద చెయ్యి వేశాడు. వాళ్లిద్దరూ ఆమె కోసం కలిసి ఏడవడం అదే మొదలు. పోయిన రోజున వచ్చేపోయే జనంతో ఆ తీరిక కూడా దొరకలేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెడితే సీడీ గిర్రున తిరిగి ఆగిపోయింది. వ్యాను దుమ్ముకి గీతలు పడి ఉంది. ఎన్నిసార్లు పెట్టినా కాపీ కాలేదు. జ్ఞానేశ్వర్ ముఖం పాలిపోయింది. అంకమ్మరావు ఆలోచించి, పాత సీడీ ప్లేయర్ దించి, దాని వైరుని ఆ నీలం రంధ్రంలోనే గుచ్చాడు. రికార్డులకి చేసినట్టే మోగించి ఎక్కించుకోవాలి. ఈసారి పాట వైరులోంచే వెళ్తుంది గాని గదిలో చప్పుళ్లు ఎక్కవు. అయినా ఇద్దరూ ఊపిరి బిగబట్టుకునే కూర్చున్నారు. గీత ఉన్నచోట ఒకసారి వీణ తడబడింది. ఆమె మాటలు మాత్రం చెక్కుచెదరకుండా దిగాయి.

సాఫ్ట్‌వేర్‌లో చప్పుళ్లు తీసేసే బటనుంది. దాని జోలికి పోలేదు. రెండు కాపీలు చేసి, ఒకదాన్నీ పాత సీడీనీ కలిపి బావమరిది చేతిలో పెట్టాడు. వద్దన్నా వినకుండా అన్నం వండి, ఆవకాయ వేసి పెట్టాడు.

"అప్పుడప్పుడూ వస్తూ ఉండండి బావగారూ" అన్నాడు జ్ఞానేశ్వర్ బండెక్కుతూ.

"నువ్వూ రారా."

వ్యాను సందు మలుపు తిరిగాక అంకమ్మరావు లోపలికొచ్చి కొత్త సీడీ పెట్టుకున్నాడు. ఇందాక ఇద్దరున్నప్పుడు వినబడనిది ఇప్పుడు వినబడింది. ఆమె నవ్వాక, మెట్టెల చప్పుడు వంటింటివైపు వెళ్తోంది. చిన్నగా, ఇంకా చిన్నగా. తర్వాత వీణ ఒక్కటే. ఇంకోమాట ఏదైనా అంటుందేమోనని అతను ఆ సీడీ అంతా అయిపోయేదాకా వింటూ కూర్చున్నాడు.