దేవమ్మ దాచిన ఊపిరి

కోడూరులో దేవమ్మ ఉండే పేటలో పొద్దున్నే పొయ్యి రాజుకోకపోతే ఎవరూ కిరసనాయిలు వెతుక్కోరు. దేవమ్మని కేకేస్తారు. ఆవిడ గొట్టం పట్టుకొచ్చి ఒక్క ఊదు ఊదితే వానకు నానిన సరుగుడు కట్టె కూడా బుద్ధిగా మండుతుంది. అదంతా మామూలు ఊపిరి పని. లోపల ఇంకొకటుంది, దాని జోలికి ఆవిడ పోదు.

ఆ రెండోది ఉప్పెన నాటిది. డెబ్బై ఏడులో సముద్రం ఊరి మీద పడ్డప్పుడు దేవమ్మ తుమ్మచెట్టుని కావలించుకుని, కొడుకు ప్రేమ్ సాగర్‌ని భుజాల మీదికెక్కించుకుని, తను నీళ్ళ కింద ఊపిరి బిగబట్టింది. పిల్లాడు బతికాడు. నీళ్ళు తీశాక బతికినవాళ్ళందరూ ఊపిరి వదిలారు గానీ, ఆవిడ వదల్లేదు. అది గుండెల్లో అడుగున అలాగే ఉండిపోయింది. మామూలు ఊపిరి దాని మీదుగా వచ్చి పోతుండేది. ఆస్పత్రిలో డాక్టరు గారు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "పైది బాగానే ఉందమ్మా, కిందదాన్ని కదిలించకండి" అని బలానికి బిళ్ళలు రాసిచ్చారు.

దేవమ్మకి తుమ్మొచ్చే సూచన కనబడితే చాలు, పక్కింటి అచ్చమ్మ చేతిలో పని వదిలేసి పరుగున వచ్చి ముక్కు పట్టుకునేది. చర్చిలో పాట మొదలైతే దేవమ్మ పెదాలు మాత్రం కదిపేది. ఉప్పెనకి ముందు ఆవిడ గొంతు ఎత్తితే కాలవ అవతలికి వినబడేదని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

"నీళ్ళు దిగి ఇన్నేళ్ళయింది కదమ్మా, ఇంకా ఎందుకా బరువు?" అని ప్రేమ్ సాగర్ అప్పుడప్పుడూ అడిగేవాడు.

"దిగాయని నువ్వంటే సరిపోయిందా? నాకు నమ్మకం కుదరాలి" అనేది దేవమ్మ.

ఇక ఆవిడ మనవరాలు, ప్రేమ్ సాగర్ కూతురు షీబా సంగతి. రెండువేల నాలుగులో ఆ పిల్ల తొమ్మిదో తరగతి, స్కూలు కబడ్డీ జట్టులో ఉంది. గుడివాడలో జిల్లా పోటీలు. అక్కడ సెలెక్టర్ల కంట్లో పడితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, చదువూ తిండీ వాళ్ళే చూసుకుంటారు. పడకపోతే వేసవి నుంచి అమ్మతో పాటు రొయ్యల షెడ్డుకి, తలకాయలు తీయడానికి. ఇంట్లో ఈ మాట తేలిపోయింది.

షీబా కాళ్ళకి వంక పెట్టేవాళ్ళు లేరు. చిక్కంతా కూతతోనే. అవతలి బరిలో కూత తెగితే ఔటే కదా. ఈ పిల్ల గీత దాటకముందే గొంతు చించుకుని, ఉన్న గుక్కంతా అక్కడే ఖర్చు పెట్టేసేది.

"నీ కాళ్ళు గుర్రమే, కూతే కుంటిది" అని డ్రిల్లు టీచరు అరుణకుమారి మేడం నెత్తి కొట్టుకునేది.

గుడివాడ వెళ్ళే రోజు పొద్దున బస్టాండుకి ప్రేమ్ సాగర్‌తో పాటు దేవమ్మ కూడా వచ్చింది. షీబా మొహం పాలిపోయి ఉంది.

"నాయనమ్మా, నాకు భయమేస్తోంది. మధ్యలో ఆగిపోతే?"

దేవమ్మ మనవరాలి తల వంచి, పొలమారిన పసిదానికి ఊదినట్టు మాడు మీద ఊదింది. ఉప్పు వాసన, బురదనీళ్ళ వాసన బస్టాండంతా కమ్మింది. టీ కొట్టు దగ్గరున్న పెద్దవాళ్ళు గ్లాసులు కింద పెట్టి లేచి నిలబడ్డారు. ప్రేమ్ సాగర్‌కి కళ్ళనీళ్ళు ఆగలేదు. తను బతికింది ఆ ఊపిరి మీదే మరి.

"అమ్మా, అదేనా?"

"అదే. నిన్ను మోసింది చాల్లే. ఇక దీన్ని మొయ్యనీ."

గుడివాడ ఫైనల్లో చివరి కూత షీబాకి వచ్చింది. ఆరు పాయింట్లు వెనక ఉన్నారు. షీబా ఈసారి అరవలేదు. మెల్లిగా, "కబడ్డీ కబడ్డీ" అంటూ గీత దాటింది. అవతల ఏడుగురూ కూత ఎప్పుడు తెగుతుందా అని కాచుక్కూచున్నారు. తెగలేదు. విసుగెత్తి ఒకత్తి మడమ పట్టింది, ఇంకొకత్తి నడుము పట్టింది, చివరికి ఏడుగురూ మీద పడ్డారు. ఆ కుప్ప కిందనుంచి కూత మాత్రం నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు నింపాదిగా వినబడుతూనే ఉంది. పట్టినవాళ్ళకే ఆయాసం వచ్చింది. వాళ్ళ చేతులు సడలేసరికి షీబా వేలు గీతకి తగిలింది. ఏడుగురూ ఔట్.

విజిల్ పడింది. కూత ఆగలేదు.

సెలెక్టరు గారు వచ్చి, "నీ పేరేంటమ్మా?" అన్నారు.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ."

"షీబా అండీ, కోడూరు" అంది మేడం గర్వంగా. ఆయన తలూపి రాసుకున్నారు.

తిరుగు బస్సులో పామర్రు దాటినా, చల్లపల్లి దాటినా ఆ పిల్ల గుక్క తిప్పుకోలేదు. "ఏమ్మా, ఇంకా గెలవలేదా?" అన్నాడు కండక్టరు. "గెలిచింది బాబూ, మిగిలింది అవగొడుతోంది" అంది మేడం.

కోడూరులో పేటంతా బస్టాండులోనే ఉంది. షీబా కూతతోనే బస్సు దిగి, కూతతోనే నాయనమ్మ ముందుకెళ్ళి నిలబడింది. దేవమ్మ ఆ పిల్ల చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుని, మోచేతుల మీది గీతలు చూసింది. వెనక నిలబడ్డ కొడుకునీ చూసింది.

"ఇక ఆపమ్మా" అంది. "నీళ్ళు దిగాయి."

షీబా ఆగి, సొంత ఊపిరి పీల్చుకుంది.

హాస్టలు సీటు కబురు శనివారం వచ్చింది. మర్నాడు ప్రేమ్ సాగర్ చర్చికి వెళ్ళలేదు, కాలవ అవతల రొయ్యల చెరువుకి కాపలా ఉన్నాడు. పొద్దెక్కుతుండగా నీళ్ళ మీదుగా ఒక ఆడగొంతు, మైకు లేకుండా, పాట ఎత్తుకుని అక్కడిదాకా వచ్చింది. పనివాళ్ళు వలలు లాగడం ఆపేశారు.

"ఎవర్రా అది?" అన్నాడు ఒకడు.

చిన్నప్పుడెప్పుడో విన్న గొంతు. ప్రేమ్ సాగర్ చెరువు గట్టు మీద లేచి నిలబడ్డాడు.

"మా అమ్మ" అన్నాడు.