పంపు మీది బోల్టు

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా కార్ల రిపేరు షెడ్డుకు వచ్చేవాళ్ళందరికీ తెలుసు. ఇంజను కంటే ముందు నేనే వేడెక్కుతానని మా బావ ఎగతాళి చేసేవాడు. ఆయన మా అక్క భర్త. పాతికేళ్ళ కిందట నా చేతికి పానా ఇచ్చి, పని నేర్పి, మనిషిని చేసింది ఆయనే. షెడ్డు ఇప్పుడు నా పేరున ఉంది గానీ పని మాత్రం ఇద్దరం కలిసే చేసేవాళ్ళం.

ఆ రోజు పొద్దున్నే ఆసుపత్రి నర్సమ్మ కారు గేట్లోకి అడ్డదిడ్డంగా దూసుకొచ్చి ఆగింది. ఆవిడ ఆసుపత్రి బట్టల్లోనే దిగి తలుపు దబ్బున వేసింది.

“పది రోజుల కిందటేగా ఆ స్టీరింగు పైపు మార్చారు? మలుపులో రెండు చేతులతో లాగినా తిరగలేదు. గోడకి జానెడు దూరంలో ఆగాను, తెలుసా!” అంది.

బానెట్ ఎత్తి చూశాను. స్టీరింగు ఆయిల్ డబ్బా దాదాపు ఖాళీ. వంగి కిందికి చూస్తే, పంపు నుంచి దిగిన కొత్త పైపు స్టీరింగు పెట్టెను కలిసే చోట ఎర్రటి బొట్టు వేలాడుతోంది. ఆ పైపు వేసింది బావ. అంతే, ఇంకేమీ చూడాలనిపించలేదు నాకు.

“ఇదేం పని బావా? కళ్ళు కనపడకపోతే ఇంట్లో కూర్చో. జనం ప్రాణాలతో ఆడుకోకు!”

నర్సమ్మ ముందే అరిచాను. పక్కనున్న టైర్ల కొట్టువాళ్ళు కూడా తలలు బయటికి పెట్టి చూశారు. బావ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఆ బొట్టును చూశాడు.

“నాదే పొరపాటమ్మా. ఏమీ అనుకోకు,” అన్నాడు నర్సమ్మతో. తర్వాత చేతులు సబ్బుతో, గోళ్ళ సందుల్లో కూడా శుభ్రంగా కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్తుంటే నేను ఆపలేదు.

బావ చెప్పేది ఒకటుంది: ఆయిల్ కారిన చోట కాదు, తడి మొదలైన చోట వెతకాలి. అరిచేముందు చేయాల్సిన పని అరిచిన తర్వాత మొదలుపెట్టాను. పైపు మొత్తం పెట్రోలుతో కడిగి ఆరబెట్టాను. పైనుంచి కిందిదాకా ముఖానికి రాసుకునే పౌడరు చల్లాను. డబ్బాలో ఆయిల్ నింపి, నర్సమ్మను కూర్చోబెట్టి ఇంజను స్టార్ట్ చేయించాను.

“స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పండి సిస్టర్. చివర్లో పట్టి ఉంచకండి. మళ్ళీ తిప్పండి.”

నాలుగోసారికి పౌడరు తడిసింది. కింది అతుకు దగ్గర కాదు. అక్కడ తెల్లగా, పొడిగా ఉంది. తడి పైన, పైపును పట్టి ఉంచే పంపు మీది బోల్టు దగ్గర మొదలై, పైపు వెంట సన్నగా జారుతోంది. పౌడరు తుడిచాను. బోల్టు మీద నీలం గీత ఉంది.

మా షెడ్డులో ఎవరు బోల్టు బిగిస్తే వాళ్ళు దాని మీద తమ రంగు గీత పెట్టాలి. బావే పెట్టిన నియమం. ఆయనది తెలుపు, నాది నీలం. ఇక్కడ తెల్లగీత మీద నీలం గీత ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. బావ పైపు మార్చిన రెండు రోజులకు, బెల్టు కీచుమంటోందని నర్సమ్మ కారు మళ్ళీ వదిలి వెళ్ళింది. బావ ఆ రోజు సెలవులో ఉన్నాడు. పైపు అడ్డుగా ఉందని ఆ బోల్టు విప్పింది నేను. ఆయిల్ కారకుండా దానికి రెండు రాగి వాషర్లు ఉంటాయి. ఒకసారి బిగిస్తే నలిగిపోతాయి, విప్పితే కొత్తవి వేయాల్సిందే. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలిసిన సంగతి. ఎవరు లేచి తెస్తారులే అని నేను నలిగినవే మళ్ళీ వేసి బిగించాను.

“దొరికిందా? ఆయన తప్పేనా?” అని నర్సమ్మ లోపలి నుంచి అడిగింది.

“అవును సిస్టర్,” అన్నాను.

అని, నీలం గీతను గుడ్డతో తుడిచేశాను. కొత్త వాషర్లు వేసి బిగించి, మళ్ళీ నీలం గీత పెట్టాను. నన్ను చూసి నాకే అసహ్యం వేసింది. అయినా నోరు విప్పలేదు. అంతమంది ముందు అరిచినవాణ్ణి, ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

సాయంత్రం బావకు ఫోన్ చేశాను. “కింద కాదు బావా, పంపు దగ్గర. నలిగిన వాషర్లు ఉన్నాయి,” అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. అందుకే అంత సులువుగా అనగలిగాను. అవతల బావ “అలాగా,” అని పెట్టేశాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ నాలుగు రోజులు నాన్చాను. నాలుగో రోజు మధ్యాహ్నం షెడ్డు మూసి వాళ్ళింటికి వెళ్ళాను.

బావ బల్ల ముందు కూర్చుని నోటు పుస్తకంలో ఏదో రాస్తున్నాడు. నన్ను చూసి మొహమాటంగా నవ్వాడు.

“కళ్ళ డాక్టరు చూపు బాగానే ఉందన్నాడురా,” అన్నాడు. “అదే నా భయం. కొత్త వాషర్లు పొట్లంలోంచి తీసి వేసినట్టు నాకు బాగా గుర్తు. నలిగినవి ఉన్నాయన్నావు. అంటే తేడా తలలో ఉందన్నమాట. మా నాన్నకి కూడా ఈ వయసులోనే మొదలైంది. చివర్లో నన్నే ఎవరు నువ్వని అడిగాడు.”

పుస్తకం నా వైపు తిప్పాడు. పొద్దున మాత్ర వేసుకున్నాను. పొయ్యి ఆపాను. వీధి తలుపు గడియ పెట్టాను. ఒక్కో దాని పక్కన టైము. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

“నువ్వు కొత్తవే వేశావు బావా. నువ్వు లేనప్పుడు నేను విప్పి, నలిగినవే మళ్ళీ బిగించాను. తప్పు నాది.”

తిడతాడనుకున్నాను. చెంప పగలగొడితే బాగుండుననుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“ఏమేవ్! విన్నావా? నేను కొత్తవే వేశానట! నా బుర్ర బాగానే ఉందట!” అని వంటింటి వైపు కేకేశాడు. నా భుజం పట్టి ఊపేశాడు. కళ్ళజోడు కింద నీళ్ళు కారుతుంటే నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ముందు తలెత్తలేకపోయాను.

అక్క తడి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. ఆమె నవ్వలేదు.

“నీకెప్పుడు తెలిసింది?”

ఇక దాచలేక చెప్పేశాను.

“ఆ రోజే. బావ ఇంటికి వచ్చేసిన గంటకి.”

బావ చెయ్యి నా భుజం మీద నుంచి జారిపోయింది.

“నాలుగు రాత్రులురా,” అంది అక్క. “పక్కన పడుకుని నా పేరు, పిల్లల పేర్లు గొణుక్కుంటూనే ఉన్నాడు. నిద్రపోతే పొద్దున్నకి గుర్తుండవేమోనని.”

“పోనీలేవే,” అన్నాడు బావ. కానీ నా వైపు చూడలేదు.