కంబన్న సరే అన్న గది

కోయిలకుంట్లలో పనికి కుదిరిననాడు కంబన్నకున్న పెట్టుబడి ఒక దుప్పటి, ఒక ముక్కు. దుప్పటి మొదటి వానాకాలానికే చినిగింది. ముక్కు మాత్రం తల నెరిసేదాకా అన్నం పెట్టింది.

ఇప్పుడు వెంకటరమణయ్య శెట్టి గోదాములో కింది వరుస గడ్డి పైకెత్తి, ఒక బేనీషా మామిడికాయ తీసి, ఆ ముక్కు దగ్గరే పెట్టుకున్నాడు. గాలి లోపలికి పోయింది. వాసన తగల్లేదు. వాకిలి వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, కాయను చెంపకు ఆనించాడు. గోరువెచ్చగా ఉంది. తొడిమ పక్కన బొటనవేలు ఆనిస్తే కొంచెం మెత్తబడినట్టు తెలిసింది.

"రేపటికి దించొచ్చు సామీ" అని బయటికి కేకేశాడు.

శెట్టి అవతల నుంచి "సరే" అన్నాడు. కంబన్న మాటకు ఆయన ఎన్నడూ ఎదురు ప్రశ్న వేయలేదు.

కంబన్న సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గడ్డి మీద వంగి వంగి మెడ ముందుకు సాగింది. ముంజేతుల నిండా మామిడి సొన కాల్చిన మచ్చలు. అంత పేరున్న ముక్కు చూడబోతే చప్పిడిది. తెలియనివాళ్లు మనిషిని చూసి, ఆ ముక్కేనా ఇది అని నవ్వుకునేవారు.

ఆ పేరు వెనక ఒక వ్యాపారం ఉంది. కాయల మధ్య కార్బైడు పొట్లాలు పెడితే తెల్లారేసరికి పచ్చకాయ పసుపెక్కుతుంది. గడ్డిలో మాగబెడితే రోజులు పడుతుంది, తూకం తగ్గుతుంది, ఈలోగా పక్కవాడు బేరం కొట్టేస్తాడు. మందు పెట్టనని పట్టుబట్టిన వ్యాపారి ఒంటరిగా నిలబడలేడు. అందుకని కోయిలకుంట్లలోనూ కడపలోనూ అలాంటివాళ్లు కొందరు ఒక జట్టు కట్టారు. ఒకరి గోదాము ఒకరు చూస్తారు. తడి గోనె కిటికీకి కట్టడం కడపవాళ్ల దగ్గర నేర్చుకున్నారు. మిగలమాగిన పండును పారబోయకుండా తాండ్ర పోయడం జట్టులోనే ఉన్న వేంపల్లె శివజ్యోతి చూపించింది. సరుకంతా ఒకే పేరు మీద పట్నాలకు పోతుంది. ఒకడు తప్పు చేస్తే అందరి పెట్టెలూ వెనక్కొస్తాయి. కాబట్టి లారీ ఎక్కేముందు కంబన్న కాయలు మాగబెట్టే ప్రతి గదిలోకీ పోయి వాసన చూస్తాడు. ఆయన సరే అన్నదే ముద్ర.

చలికాలంలో వచ్చిన జ్వరం ఆ ముక్కును పట్టుకుపోయింది. ఆ సంగతి ఆయన భార్య భీమమ్మకు ఒక్కతెకే తెలుసు. పులిసిపోయిన పప్పును కంబన్న మారు మాట్లాడకుండా తిన్నరోజున ఆమె కనిపెట్టింది.

"శెట్టికి చెప్పు" అంది.

"చెప్పినాక కూలి ఎవరిస్తారే? నా చప్పిడి ముక్కు మొగం జూసి ఇస్తారా?"

"రేపు ఎవరన్నా కనుక్కుంటే?"

"ఈ కాపు దాటనీ" అన్నాడు.

కాపు సగం దాటింది. ఇన్నాళ్లూ చెంప, బొటనవేలు మోసం చేయలేదు.

ఆ ఉదయం శెట్టి గోదాము తర్వాత ఇంకొక గది చూసి, భూపేష్ గదికి పోయాడు. భూపేష్ జట్టులోకి కొత్తగా వచ్చిన కుర్ర వ్యాపారి. తలుపు తీయగానే మొహానికి వేడి కొట్టింది. కాయ చెంపకు ఆనిస్తే, మిగతా రెండు గదులకన్నా ఎక్కువ వేడి. గడ్డి బాగా వేడి పట్టిందని కంబన్న లోలోపల మెచ్చుకున్నాడు.

"ఎట్లుండాది మామా?" అన్నాడు భూపేష్, వాకిలి దగ్గరే నిలబడి.

"సరే."

భూపేష్ గట్టిగా ఊపిరి వదిలి లారీవాడికి ఫోన్ చేస్తూ పోయాడు.

బయట తొట్టి దగ్గర కంబన్న కాళ్లు కడుక్కుంటుంటే, భూపేష్ దగ్గర పండ్లు సర్దే ఓబులమ్మ వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏమన్నా, అంత తెల్లగడ్డ కంపు కొడ్తాంటే సరే అంటివే!"

కంబన్న చేతిలో చెంబు ఆగింది. తెల్లగడ్డ, అదే వెల్లుల్లి, వాసన కొట్టిందంటే కార్బైడే. ఇందాకటి వేడీ దానిదే.

"యాడ?"

"యాడేంది, నీ ముక్కు కిందనే!" అని ఆమె నవ్వింది. ఆయన మొహం చూసి నవ్వు ఆపేసింది. "రాత్రి పొట్లాలు పెట్టిచ్చినాడన్నా. నేను నోరు తెరిస్తే నా పని పోతాది. ఎట్లా నువ్వొచ్చి పట్టుకుంటావు గదాని ఊరుకున్న్యా."

కంబన్న చింతచెట్టు నీడన చాలాసేపు కూర్చున్నాడు. బేరం ఆయన ముందే ఉంది. ఇప్పుడు లేచి పోయి, "కంపు కొడ్తాంది, దింపు" అంటే చాలు. భూపేష్ దొరికిపోతాడు, తన ముక్కు పేరు ఇంతకింత పెరుగుతుంది. ఖర్చు లేని లాభం. కానీ రేపటి గదిలో ఓబులమ్మ ఉండదు. ఇంకో మాటా ఆయనకు గుచ్చుకుంది. ఆమె ముక్కు బాగానే ఉంది. తను ఉన్నాడన్న ధైర్యంతోనే ఆమె ఊరుకుంది. తను లేకుంటే ఆ గది గురించి ఎవరో ఒకరు నోరు తెరిచేవారు. ఈ కాపులో తాను చేసిన పని ఆ నోరు మూయించడమే అయింది.

సాయంత్రం శెట్టి గోదాములో జట్టు కూడింది. వీళ్లకొక పద్ధతి ఉంది. ఎవరూ మంచి పండు తేకూడదు. తన దగ్గర చెడిన పండు ఒకటి తెచ్చి నడుమ పెట్టి, ఎందుకు చెడిందో చెప్పాలి. శెట్టి ముందుగా తనది పెట్టాడు.

"కుళ్లిందాంట్లో కూడా ఏరి ఏరి చిన్నది తెచ్చినారే శెట్టిగారూ" అంది శివజ్యోతి.

అందరూ నవ్వారు. కడపాయన గడ్డి తడి ఎక్కువై బూజు పట్టిన కాయ పెట్టాడు. భూపేష్ వడదెబ్బ తగిలిన కాయేదో పెట్టి రెండు ముక్కల్లో ముగించాడు. కంబన్న ఎప్పుడూ వాకిలి దగ్గర గోనెసంచి మీద కూర్చుంటాడు. ఆయనకు వంతు లేదు. ఆ పొద్దు లేచి నడుమకు వచ్చాడు.

"నా దగ్గర కాయ ల్యా" అన్నాడు. "జ్వరం వచ్చిపోయినప్పట్నుంచి నాకు వాసన తెల్దు. ఈ కాపంతా చెంపతో జూసి సరే అన్న్యా. ఈ పొద్దు మూడు గదులకు సరే అన్న్యా. లారీ పోకముందే మళ్లా చూడండి."

శెట్టి మొహం ఎర్రబడింది.

"మా పేరంతా నీ మీద పెడితిమి గదప్పా!"

"అవును సామీ."

"ఇన్ని నెలలు ఎట్లా దాచినావు? అన్నం పెట్టిన చేతినే..."

"ఆగండి శెట్టిగారూ" అంది శివజ్యోతి. "కంబన్న చిన్నాయన దాచింది తప్పే. ఇంతమందిమి ఉండి ఒక్క ముక్కుతో సరిపెట్టుకున్న్యామే, అది ఎవరి తప్పు? మన మొగాల మీద ఉండేవి ఏం చేస్తాండాయి? పాండి, మూడు గదులూ ఇప్పుడే చూద్దాం."

శెట్టి చెప్పులు వెతుక్కున్నాడు. అందరికన్నా ముందు భూపేష్ లేచాడు.

"నా గదికి ఎవరూ రావాల్సిన పనిల్యా. నా సరుకు నేనే దింపిస్తా."

"ఎందుకప్పా?" అన్నాడు శెట్టి.

భూపేష్ కంబన్న వైపు చూశాడు. ఆయన నేల చూస్తున్నాడు.

"తెల్లగడ్డ వాసన వస్తాది" అన్నాడు భూపేష్.

ఆ కాయలు తాండ్రకు కూడా పనికిరావంది శివజ్యోతి. గుంత తీసి పూడ్చారు. భూపేష్‌కు ఆ కాపు లాభం ఆ గుంతలోనే పోయింది. జట్టు మాత్రం అతన్ని పొమ్మనలేదు.

మర్నాడు కంబన్న, మూటాముల్లె సర్దుకోవాల్సి వస్తుందేమో అనుకుంటూ గోదాముకు వచ్చాడు. శెట్టి తాళంచెవి చేతిలో పెట్టాడు. అటు తిరిగి, "ముక్కు పోతే పొయ్యింది. చెంప ఉండాది గదా" అన్నాడు.

అప్పటినుంచి ఎవరి గదినీ వాళ్ల మనుషులు చూడకూడదని కట్టుబాటు చేసుకున్నారు. భూపేష్ గదికి శెట్టి దగ్గర పనిచేసే ఆడవాళ్లు, శెట్టి గదికి ఓబులమ్మ. కంబన్న వాళ్లకు గడ్డి వేడి పట్టి చూడటం నేర్పాడు. వేడి ఎంత మోసం చేస్తుందో కూడా నేర్పాడు.

కాపు చివరి సరుకు గడ్డిలో ఉండగా, ఒక మధ్యాహ్నం ఓబులమ్మ శెట్టి గది చూడటానికి వచ్చింది. కంబన్న గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. "గది సరేనన్నా, కమ్మగుండాది" అంది. మళ్లీ పిలిచి, భుజం తాకి, బయటికి పరుగెత్తింది.

శ్మశానం నుంచి తిరిగొచ్చాక వెంకటరమణయ్య శెట్టి లెక్క వేసి చూశాడు. కంబన్న ఈ ఊరికి తెచ్చింది ఒక ముక్కు. అదీ పోగొట్టుకున్నాడు. పోయేనాటికి ఊళ్లో ప్రతి గదికీ నాలుగైదు ముక్కులున్నాయి, కంపు కొడితే కొట్టిందని చెప్పే నోళ్లున్నాయి. ఇంతకన్నా మంచి వ్యాపారం తాను చేసినట్టు శెట్టికి గుర్తుకు రాలేదు.

గోదాములో కంబన్న కూర్చున్నచోట, విడిగా పెట్టిన గుప్పెడు గడ్డి మీద, తొడిమ దగ్గర నల్లబడిన బేనీషా ఒకటి ఉంది. వచ్చే కూటంలో నడుమ పెట్టడానికి కంబన్న తన వంతుగా ఏరి పెట్టుకున్న పండు.