నిలబడితే ఆగిపోయే కారు

మా ఆసుపత్రి కారు నడుస్తున్నంతసేపు ఏ ఇబ్బందీ పెట్టేది కాదు. నిలబడితేనే దాని బాధ. రైలు గేటు దగ్గరో, చెరుకు బళ్లు అడ్డం వచ్చినప్పుడో ఒక్క నిమిషం ఆపితే చాలు, ఇంజను వణికేది, నల్లగా పొగ వదిలేది, రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. తొమ్మిది నెలలు ఇదే వరస.

నా పేరు వెంకటప్పయ్య. చల్లపల్లికి రెండు మైళ్ల దూరంలో ఉన్న మిషన్ ఆసుపత్రిలో ఏడాదిన్నరగా డ్రైవరుని. ఆ కారు జర్మనీది. అక్కడి నుంచి వచ్చి పదేళ్లు మా దగ్గర పనిచేసిన నర్సమ్మ గారు డెబ్భై రెండులో తిరిగి వెళ్లిపోతూ దాన్ని ఆసుపత్రికి వదిలి వెళ్లారు. దానికి ఇంజను వెనక ఉంటుంది. ముందు మూత ఎత్తితే సామాన్లు పెట్టుకునే తొట్టి. కారుతో పాటు ఒక పుస్తకం కూడా ఇచ్చారు. జర్మను భాషలో ఉంది. బొమ్మల వరకు నేను చదివాను.

పామర్రులో ఒక మెకానిక్కుకి చూపించాం. ముందు మూత ఎత్తి ఇంజను లేదన్నాడు. వెనక మూత ఎత్తి కార్బురేటరు లేదన్నాడు. "మరి ఇన్నాళ్లూ దేంతో నడిచిందండీ?" అని నన్నే అడిగాడు. ప్లగ్గులు తుడిచి పంపించాడు.

అయినా నెట్టుకొచ్చేవాళ్లమే, కృపానందం గారు కారు ఎక్కకపోతే. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఆసుపత్రి కమిటీకి సెక్రటరీ. ఒకరోజు బెజవాడలో మీటింగుకి ఇస్త్రీ పంచె కట్టుకుని బయలుదేరారు. కాలవ వంతెన మీద కారు ఆగింది. వెనక బస్సు వాడు హారను మోగిస్తుంటే ఆయన దిగి నెట్టారు. కారు స్టార్టయింది. వదిలిన పొగంతా ఆయన పంచె మీదకి వెళ్లింది.

"కారు చేసింది జర్మనీ వాళ్లు," అన్నారు ఆయన ఆసుపత్రికి వచ్చాక, అందరి ముందూ. "వాళ్లు తప్పు చెయ్యరు. కాబట్టి తప్పు పెడలు తొక్కే కాలిది. ఆ కాలు ఎవరిదో మీకు తెలుసు."

మైలవరంలో ఆయన బావమరిది కొడుకు లైసెన్సు తెచ్చుకుని ఏడాదైంది. శనివారం కమిటీలో డ్రైవరు సంగతి తేలుస్తామన్నారు. నాకు నలభై ఆరేళ్లు. డ్రైవింగు తప్ప మరో పని తెలియదు. చేత కాక తీసేశారని పేరొస్తే మా చుట్టుపక్కల ఇంకెవరూ స్టీరింగు ఇవ్వరు.

మా డాక్టరమ్మ జీవరత్నం గారు నన్ను పిలిచి, "గురువారం బెజవాడ ఆటోనగర్ తీసుకెళ్దాం వెంకటప్పయ్యా. రోగం ఏమిటో తెలియకుండా రోగిని తిట్టడం నాకు అలవాటు లేదు," అన్నారు.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. పొద్దున్నే బండి తీసే ముందు అగరొత్తి వెలిగించడం నాకు ఇరవై ఏళ్లుగా ఉంది. రైసుమిల్లు వారి దగ్గర పనిచేసినప్పుడు స్టీరింగు ముందు అమ్మవారి పటం ఉండేది, దాని పక్కన గుచ్చేవాణ్ణి. ఇది క్రైస్తవుల ఆసుపత్రి. వాళ్ల కారులో సీటు ఎదురుగా నా పొగ పెట్టడం మర్యాద కాదనిపించింది. వద్దని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు. ఇంజను పక్కన ఒక సన్నటి రబ్బరు గొట్టానికీ ఇనప పట్టీకీ మధ్య సరిగ్గా కడ్డీ పట్టే సందు ఉంది. అందులో గుచ్చి, "తల్లీ, దారిలో ఏ హానీ జరగనివ్వకు" అనుకుని మూత వేసేసేవాణ్ణి.

కారు ఆగడం మొదలయ్యాక రెండు కడ్డీలు చేశాను. దసరా తర్వాత మూడు. మా ఆవిడ మాణిక్యమ్మ ఊరుకోలేదు.

"ఇంట్లో దేవుడికి ఒకటి, కారుకి మూడా? పోనీ కారునే తెచ్చి గూట్లో పెట్టండి, పూజ ఒక్కచోటే అయిపోతుంది."

"ఉద్యోగం పోయేట్టుందే."

"అయితే నాలుగు పెట్టండి," అంది.

గురువారం నాలుగు పెట్టాను.

ఉయ్యూరు, కంకిపాడు దాటి ఆటోనగర్ చేరేసరికి కారు ఐదుసార్లు ఆగింది. అక్కడ బాలశౌరి అని, బొంబాయిలో విదేశీ బళ్ల షెడ్డులో కొన్నేళ్లు చేసి వచ్చిన మెకానిక్కు ఉన్నాడు. షెడ్డు గోడకి మరియమ్మ పటం, కింద ఇత్తడి స్టాండులో ఒక అగరొత్తి వెలుగుతోంది. డాక్టరమ్మ గారు అతనికి ఒక చీటీ ఇచ్చారు. అతను పైకి చదివాడు.

"రోగి: కారు. వయస్సు: ఐదేళ్లు. బాధ: నిలబడినప్పుడు వణుకు, దగ్గు, ఆగిపోవుట. పరుగెత్తునప్పుడు బాధ లేదు. పొగ: నలుపు. వాసన: ఉదయం పూట గంధపు వాసన, కారణం తెలియదు." చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా దగ్గరికి వచ్చేవాళ్లు 'బండి బాలేదు' అంటారండీ, అంతే. మీరు రోజూ రండి."

అతను కార్బురేటరు కోసం వెతకలేదు. "దీనికి అది ఉండదు అన్నాయ్. పెట్రోలుని నేరుగా చిమ్ముతుంది. ఎంత చిమ్మాలో చెప్పడానికి అదిగో, ఆ చిన్న డబ్బా. ఇంజను గాలి ఎంత గట్టిగా పీలుస్తోందో ఒక గొట్టంలోంచి చూసి చెబుతుంది."

ప్లగ్గు ఒకటి తీశాడు. మసి పట్టి కాటుక డబ్బీలా ఉంది. "పెట్రోలు ఎక్కువ తాగుతోంది. డబ్బాకి ఎవరో అబద్ధం చెబుతున్నారు." ప్లగ్గు తుడిచి బిగించి, ఇంజను స్టార్టు చేసి దానికి దగ్గరగా చెవి పెట్టాడు. పక్క షెడ్డులో లారీ బాడీకి సుత్తి దెబ్బలు. ఏమీ వినబడలేదు.

డాక్టరమ్మ గారు సంచీలోంచి స్టెతస్కోపు తీసి ఇచ్చారు. బాలశౌరి దాన్ని చెవులకి పెట్టుకుని, కొసన ఉన్న బిళ్ల ఊడదీసి, ఉత్త గొట్టంతో ఇంజను చుట్టూ వెతుక్కుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు.

"ఇక్కడ బుస్సుమంటోంది."

ఆవిడా విన్నారు. "అవును. ఆయాసం."

అతను డబ్బాకి వెళ్లే ఆ సన్నటి రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కి పట్టుకున్నాడు. ఇంజను వణుకు ఆగింది. కుట్టుమిషనులా మెత్తగా తిరగసాగింది. వేళ్లు తీశాడు, దగ్గింది. పట్టుకున్నాడు, మెత్తబడింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. తప్పు నా కాలిది కాదు.

గొట్టం ఊడదీసి వెలుగులో పెట్టాడు. ఒక పక్క కాలి గుంటపడి, మధ్యలో చిల్లులు. నాలుగు. తరవాత చెయ్యి లోపలికి పెట్టి, కింద రేకు మీంచి ఏవో ఏరాడు. గుప్పెడు వెదురు పుల్లలు. కొసలు నల్లగా.

అతను పుల్లల్ని చూశాడు. నన్ను చూశాడు. మరియమ్మ పటం కేసి చూశాడు. తరవాత డాక్టరమ్మ గారికేసి తిరిగి, పుల్లలున్న చెయ్యి వెనక్కి పెట్టుకుని, "ఎలకలండీ," అన్నాడు. "ఎలకలు కొరికేశాయి."

ఆ మాటకి నేను ఊ అంటే సరిపోయేది. శనివారం కమిటీకి కూడా ఎలకలు సరిపోయేవి. కానీ ఎదురుగా గోడ దగ్గర అగరొత్తి వెలుగుతోంది.

"ఎలకలు కాదమ్మగారూ, నేను," అన్నాను. అంతా చెప్పాను.

ఆవిడ ఆ పుల్లలు చేతిలోకి తీసుకున్నారు. "మొదట ఎన్ని?"

"ఒకటమ్మా."

"తగ్గకపోతే?"

"రెండు. తరవాత మూడు. ఇవాళ నాలుగు."

"రోగం పెరిగినకొద్దీ మందు పెంచావు. మందే రోగమని అనుమానం రాలేదు," అన్నారు. "మా కాంపౌండరు ఆమోసు కూడా ఇంతే. నా కారులో పటం పెట్టుకోవద్దని నీతో ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండీ."

"అడిగావా?"

"లేదండీ."

బాలశౌరి లోపల ఇంకో గొట్టం చూపించాడు. "ఇది పెట్రోలుది అన్నాయ్. నీ నిప్పుకీ దీనికీ నాలుగు వేళ్ల దూరం. ఏడాదిన్నర పాటు వెలిగించి మూత వేశావు. అంటుకోలేదు. ఇంతకీ ఏం కోరుకునేవాడివి?"

"దారిలో ఏ హానీ జరగకూడదని."

"మరి జరగలేదుగా," అన్నాడు. ఒక మందపాటి గొట్టం ముక్క కోసి బిగించాడు. "నేనూ వెలిగిస్తాను. కాకపోతే గోడ దగ్గర."

తిరిగి వచ్చేటప్పుడు కంకిపాడులో గడ్డి బళ్ల వెనక పది నిమిషాలు నిలబడ్డాం. ఇంజను ఆగలేదు. నేను అదే ఆలోచిస్తూ కూచున్నాను. అడిగింది అమ్మవారు ఇచ్చింది. కానీ ఆవిడ కాపాడింది నన్ను నా నించే. నేను అడక్కుండా ఉంటే కాపాడవలసిన పనే ఉండేది కాదు. అలాగని అడగడం మానెయ్యనా? డాక్టరమ్మ గారిని అడుగుదామని వెనక్కి తిరిగాను. నిద్రపోతున్నారు. ఈ కారులో ఆవిడ నిద్రపోవడం తొమ్మిది నెలల్లో అదే మొదటిసారి.

శనివారం పొద్దున ఆవిడ, "కమిటీకి ఉన్నదున్నట్టు చెబుతాను. నువ్వు కారు తెచ్చి మీటింగు గది కిటికీ కింద పెట్టి స్టార్టు చెయ్యి. తరవాత దాని మీద చెయ్యి వెయ్యకు," అన్నారు.

అలాగే చేశాను. లోపల మాటలు నాకు వినబడలేదు. ఒకసారి ఎవరో గట్టిగా నవ్వారు. కృపానందం గారి గొంతు పెద్దదైంది, చిన్నదైంది. పావుగంట అయింది. అరగంట అయింది. నేను నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంజను ఒకే శ్రుతిలో తిరుగుతోంది. పెదవుల మీదకి ప్రార్థన వచ్చింది కానీ, దాని పని దాన్ని చేసుకోనిద్దామని ఊరుకున్నాను.

నలభై నిమిషాలకి కృపానందం గారు కిటికీలోంచి తల బయట పెట్టారు.

"ఏమయ్యా, అగరొత్తులటగా?"

"అవునండీ."

"ముందు పెట్టుకో. పటమూ పెట్టుకో. వెనక్కి మాత్రం వెళ్లకు." కారుకేసి కాసేపు చూశారు. "సోమవారం నేను బెజవాడ వెళ్లాలి, ఏడింటికల్లా ఇంటికి రా. ఇక దాన్ని ఆపవయ్యా బాబూ, ముగింపు ప్రార్థన వినబడటం లేదు."

తలుపు తీసి తాళంచెవి తిప్పాను. నలభై నిమిషాలు నిలబడ్డ ఇంజను, నేను ఆపితేనే ఆగింది.