పాడైన ఐదు పొట్లాలు

"ఒకసారి చూడు" అన్నాడు శ్రీవత్స.

అనంతలక్ష్మి చేతులకు ఇడ్లీపిండి. అతను ల్యాప్‌టాప్ తెచ్చి స్టవ్ పక్కన పెట్టి బూట్లు తొడుక్కోవడానికి వంగాడు. ఏడు దాటితే వాళ్లుండే టకానిని నుంచి ఆక్లండ్ ఊళ్లోకి మోటర్‌వే కదలదు. అందుకని అతను ఏదీ నిలబడి చెప్పడు, వెళ్తూ చెబుతాడు. నాలుగేళ్లుగా అదే మాట. చూడడమంటే ఇంగ్లీషు దిద్దడం, పట్టికలు మళ్లీ కట్టడం, తప్పులు ఏరడం. బియ్యంలో రాళ్లు ఏరమన్నంత తేలిగ్గా చెబుతాడు.

శ్రీవత్స ఆక్లండ్‌లో ఒక కాలేజీలో ఆహారశాస్త్రం పాఠాలు చెబుతాడు. ఇండోనేషియాలో, జావా ద్వీపంలో ఉన్న ఒక పెద్ద విశ్వవిద్యాలయంతో కలిసి పరిశోధన చేస్తాడు. ఆ ఏడు ఎన్ని పేపర్లు అచ్చయ్యాయో అక్కడివాళ్లు డిసెంబరు ఆఖరున లెక్క తీస్తారు. పక్కన విదేశీ పేరుంటే పేపరుకు విలువెక్కువ. లెక్కలో పడితే ప్రమోషను, పడకపోతే మరో ఏడు ఎదురుచూపు. ఆ విదేశీ పేరు శ్రీవత్సది. పని అనంతలక్ష్మిది. ఆమె గుంటూరులో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదివింది, క్లాసులో మొదటిది. ఇక్కడ ల్యాబులకు అప్లై చేస్తే కివీ ఎక్స్‌పీరియెన్స్, అంటే న్యూజిలాండ్‌లో పనిచేసిన అనుభవం, లేదన్నారు. ఎక్స్‌పీరియెన్స్ కావాలంటే ఉద్యోగం కావాలి, ఉద్యోగం కావాలంటే ఎక్స్‌పీరియెన్స్ కావాలి. మూడేళ్లు తిరిగి మానేసింది. ఇప్పుడు శని, ఆదివారాలు సందు చివర, ఇక్కడివాళ్లు డైరీ అనే చిల్లర కొట్లో పాలు, బ్రెడ్డు, సిగరెట్లు అమ్ముతుంది. మిగతా రోజుల్లో కూతురు వర్షితను స్కూల్లో దింపి, మూడింటికి మళ్లీ వెళ్లేదాకా, డైనింగ్ టేబుల్ మీద జావా పరిశోధన చేస్తుంది. మధ్యలో అత్తగారు సీతారత్నం గదిలోంచి కేకేస్తుంది. "కుక్కరు కూస్తోంది, అమ్మాయ్! ఆ పెట్టె మూయి. మగాడి చదువు పక్కన కూచుని చూస్తే నీదైపోతుందా?"

కాదని అనంతలక్ష్మికి తెలుసు. అయినా ఆ కాసిని గంటలే ఆమెకు తను మనిషిననిపించేది. గింజ ఎందుకు బూజు పట్టింది, ఏ బూజు తినొచ్చు, ఏది చంపుతుంది అని ఆలోచిస్తుంటే తలలో ఏదో కదిలేది. పెళ్లయ్యాక ఆ చోటు తుప్పు పట్టిందనుకుంది. పట్టలేదు. అదే బాధ. పూర్తిగా తుప్పు పట్టుంటే ఏ గొడవా ఉండేది కాదు.

2017 మార్చిలో సుమార్ని వచ్చింది. జావాలో ఆ పరిశోధనకు పెద్ద ఆవిడే. యాభై ఏళ్లుంటాయి, తలకు లేతాకుపచ్చ ముసుగు. భోజనానికి పిలిచి శ్రీవత్స "మా ఆవిడకి వంటంటే ప్రాణం" అని పరిచయం చేశాడు. ఆవిడ తిన్నగా వంటింట్లోకి వచ్చింది. ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు.

"మాకొచ్చే ప్రతుల్లో పక్కన ఎర్ర అక్షరాలతో ప్రశ్నలు రాసేది నువ్వే కదూ?"

"ఎలా తెలుసు?"

"మీ ఆయన మా దగ్గర వారం ఉన్నారు. నానబెట్టిన గింజ ఉడికిందో లేదో ఆయనకు తెలియదు. ఆ ప్రశ్నలు వండేవాళ్లవి. పైగా రోజూ మూడింటికి ఆగిపోతాయి."

"మూడింటికి స్కూలు వదుల్తారు."

ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో తను అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో అనంతలక్ష్మి గుర్తు చేసుకోబోయి, మానుకుంది.

"మావాళ్లలో చాలామందికి ఒక్క పేరే" అంది సుమార్ని. "పత్రికల ఫారం ఇంటిపేరు లేకపోతే ఒప్పుకోదు. అందుకని నేను సుమార్ని సుమార్ని అని రాస్తాను. నీకేమో ఇంటిపేరూ ఉంది, పేరూ ఉంది. పేపర్లో ఒక్కటీ లేదు."

భోజనాల దగ్గర ఆవిడ ఆ మాటే ఎత్తింది. రాబోయే పేపర్లో ఈమె పేరు వేయాలంది. శ్రీవత్స నవ్వేశాడు. "ఆమెకెందుకు మేడమ్ ఇవన్నీ? ఇంట్లోనే ఉంటుంది కదా." ఇంగ్లీషు రాని సీతారత్నం, ఆవిడ ఏమంటోందని అడిగింది. "కూర బాగుందంటోందమ్మా" అని తెలుగులో చెప్పాడు.

ఆ పేపరు టెంపే మీద. సోయా గింజలు ఉడికించి, బూజు విత్తనం కలిపి, అరిటాకులో పొట్లం కట్టి ఒకటిన్నర రోజు ఉంచితే గట్టి దిమ్మ అవుతుంది. జావాలో పల్లెల ఆడవాళ్లు తమ ఇళ్లలో కట్టినవి ఇరవై నాలుగు పొట్లాలు పరీక్షించారు. ఐదు పాడయ్యాయి. ఎందుకు పాడయ్యాయన్నదే అసలు సంగతి, అనంతలక్ష్మి దాని మీదే రెండు పేరాలు రాసింది. శ్రీవత్స చేతి నుంచి చివరి ప్రతి వచ్చేసరికి పట్టికలో పంతొమ్మిదే ఉన్నాయి. ఆమె పక్కన ఎర్రగా రాసింది: పాడైన ఐదు పొట్లాలు ఏవి?

"పాడైనవి ఎవడికి కావాలి?" అన్నాడు. "పంతొమ్మిదికి పంతొమ్మిదీ బాగున్నాయంటే వెంటనే వేసుకుంటారు. డిసెంబరు దాటితే వాళ్ల లెక్కలో పడదు, నా కాంట్రాక్టూ పొడిగించరు. నీకు కొట్లో కూచుంటే జీతం వస్తుంది. నాకలా రాదు."

డిసెంబరులో అచ్చయింది. చివర సన్నని అక్షరాల్లో ఓపికగా సహకరించిన భార్యకు కృతజ్ఞతలని ఉంది. పేరు లేదు.

మరుసటి ఏడు ఆ పేపరు చదివిన ఎవరో పత్రికకు ఉత్తరం రాశారు. పొట్లాలు ఇరవై నాలుగని మీరే మొదట్లో రాశారు, పట్టికలో ఐదు తక్కువున్నాయి, ఏమయ్యాయని. పత్రిక సంజాయిషీ అడిగింది. ఒక సాయంత్రం శ్రీవత్స ఇంటికి వస్తూనే ల్యాప్‌టాప్ తెరిచి ఆమె ముందుకు తోశాడు.

"నీ పేరు వేయాలందిగా మేడమ్. వచ్చింది చూడు."

వచ్చింది. పత్రికకు అతను రాసిపెట్టిన సంజాయిషీలో పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. పట్టికలు తయారు చేసిన శ్రీమతి ఫలానా అనంతలక్ష్మి పొరపాటున ఐదు వరసలు వదిలేశారని, దీన్ని ఆమె నిర్ధారిస్తున్నారని. ఆమె మెయిల్లోంచి ఒక్క జవాబు వెళితే చాలట.

"ఆ వరసలు తీసింది మీరండీ."

"అవును. అయితే? నాకు ఉద్యోగముంది, పోతుంది. నీకేముంది పోవడానికి?"

అది తిట్టు కాదు. నిజంగానే అడుగుతున్నాడు. అనంతలక్ష్మి తనకున్నవన్నీ లెక్కపెట్టుకుంది. తన దగ్గర పోగొట్టుకోవడానికంటూ ఏమీ లేకుండా పదమూడేళ్లు కాపురం చేసిందన్నమాట.

సీతారత్నం మందులు మింగుతూ అంది. "ఇంటి పరువు కంటే నీ పేరు ఎక్కువా? మీ మావగారి తప్పులు నేనెన్ని మీదేసుకోలేదు! చచ్చిపోయానా?"

వర్షిత ఫోన్లోంచి తలెత్తకుండా, "మమ్, జస్ట్ సైన్ ఇట్. డాడ్ ఈజ్ స్ట్రెస్డ్" అంది.

మర్నాడు పదకొండింటికి సుమార్ని ఫోన్ చేసింది. అనంతలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. ఒక్కరికి నిజం తెలుసు. ఒక్కరు చాలు.

"అనంతలక్ష్మీ, ఆ తప్పు నీది కాదని నాకు తెలుసు" అంది సుమార్ని. "అయినా ఒప్పుకో. పొరపాటంటే చిన్న సవరణతో పోతుంది. కావాలని తీశారంటే పేపరే తీసేస్తారు. మా విశ్వవిద్యాలయం లెక్కలోంచి తీసేస్తారు, నా ప్రొఫెసర్ పదవి ఆగిపోతుంది. నా కింద పన్నెండుమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. ఈ ఒక్కసారి. వచ్చే పేపర్లో నీ పేరు రెండోది వేస్తాను, ఒట్టు."

"మీకు నేను నచ్చాననుకున్నాను" అంది అనంతలక్ష్మి.

"నచ్చావు" అంది సుమార్ని. "అందుకే శ్రీవత్సకు వదిలేయకుండా నేనే ఫోన్ చేశాను."

ఫోన్ పెట్టేశాక అనంతలక్ష్మి కుక్కరు పెట్టింది. అతను అడిగాడు, అత్తగారు అడిగింది, కూతురు అడిగింది. వాళ్లు అడగడం కొత్త కాదు. తనను చూసిన ఒక్క మనిషీ అదే అడిగింది, ఇంకా మెత్తగా. చూడకుండా అడిగినవాళ్లే నయం.

ఒప్పుకుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రేపు మళ్లీ స్టవ్ పక్కన ల్యాప్‌టాప్ వస్తుంది. ఒప్పుకోకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. అతని కాంట్రాక్టు పోతుంది, సుమార్ని పదవి ఆగిపోతుంది, ఆ పన్నెండుమందికీ ఆమె మీద ఏవగింపు మిగులుతుంది. ఆమెకు ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. రాత్రికి ఈ ఇంట్లోనే అన్నం వండాలి, ఆ అన్నం ముందు ఎవరూ మాట్లాడరు. ఎటు చూసినా గెలిచేది లేదు. అయితే ఇంక భయపడాల్సిందీ లేదు.

టైము రెండూ నలభై. తన ఎర్ర అక్షరాలున్న పాత ప్రతి జతచేసింది. శ్రీవత్సకు, సుమార్నికి, పత్రికకు, ముగ్గురికీ కలిపి ఒకటే జవాబు టైప్ చేసి, మళ్లీ చదువుకోకుండా పంపేసి, కారు తాళాలు తీసుకుంది.

"ఈ పట్టిక నాది కాదు. నాలుగేళ్లలో అచ్చయిన మిగతా ముప్పైనాలుగు పట్టికలూ నావి."